గీతలు పడనివ్వని పొడికి ఏ జంతువు బొమ్మ బాగుంటుంది?

గిన్నెలు తోమే పొడి డబ్బా మీదకు ఒక జంతువు బొమ్మ గీస్తున్నాను. ఈ పొడి జిడ్డు వదిలిస్తుంది, గాజు మీద గీత పడనివ్వదు. ఈ రెండో గుణమే బొమ్మలో కనిపించాలి. ఆరు వారాలుగా గీస్తున్నా కుదరడం లేదు.

మొదట పిల్లికూనను గీశాను. చూసిన 12 మందిలో ఏడుగురు "పిల్లి గీరుతుంది కదా" అన్నారు. పాదాలు గుండ్రంగా మార్చి గోళ్లు పూర్తిగా తీసేసినా అదే మాట. కుందేలును చూస్తే బ్యాటరీ గుర్తొస్తోందట. నిజమే, డ్యూరాసెల్ 1973లోనే తన బ్యాటరీల ప్రకటనల్లోకి కుందేలును తెచ్చింది, ఎనర్జైజర్ 1980ల చివర్లో. బాతుపిల్లను పసిపిల్లల సబ్బు అనుకున్నారు. నత్తకు గోళ్లే లేవని ఆశపడ్డాను గానీ, అది పాకిన చోట మిగిలే జిగట చారే అందరికీ ముందు తట్టింది.

నాకు ఎంతో ఇష్టమైనది బాన్ అమీ అనే అమెరికా తోముడు పొడి మీది కోడిపిల్ల. పక్కన 'ఇంకా గీరలేదు' అనే అర్థంలో ఒక మాట. కోళ్లు నేలను గీరుతూనే ఉంటాయి, అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్ల మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. ఎంత చక్కని ఊహ! కానీ అది వాళ్లది, నేను తీసుకోను.

బొమ్మకు చోటు 3 సెంటీమీటర్లు, రంగులు రెండే. మీసాలు, సన్నని వెంట్రుకలు అచ్చులో కలిసిపోతున్నాయి.

శుభ్రం చేస్తుందనిపిస్తూనే గోళ్లనూ పళ్లనూ గుర్తు చేయకుండా, ఇంత చిన్న కొలతలోనూ ఒక్క చూపులో పోల్చుకోగలిగే జంతువు ఏది?