స్క్రూలు విప్పినా ఊడని కూలర్: ఏఎం4 ప్రాసెసర్ పిన్నులు వంగకుండా తీయడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. 2020లో విడిభాగాలు కొనుక్కుని నేనే బిగించుకున్న డెస్క్‌టాప్‌లో రైజెన్ 5 3600 ప్రాసెసర్, బి450 మదర్‌బోర్డు ఉన్నాయి. ప్రాసెసర్ పెట్టెలో వచ్చిన రైత్ స్టెల్త్ కూలర్‌నే ఇప్పటికీ వాడుతున్నాను, ఇంతవరకూ దాన్ని ఒక్కసారి కూడా విప్పలేదు. ఈ వేసవిలో వీడియోలు ఎడిట్ చేస్తున్నప్పుడు ఉష్ణోగ్రత 93 డిగ్రీల దాకా వెళ్తోంది. రెక్కల మధ్య పేరుకున్న దుమ్మును బ్రష్‌తో దులిపినా తేడా రాలేదు కాబట్టి, ప్రాసెసర్ వేడిని కూలర్‌కు అందించేలా రెంటి మధ్యా పూసే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుందని అనుకుంటున్నాను. ఎలాగూ విప్పుతున్నాను కదా అని రైజెన్ 7 5700ఎక్స్ అనే కొత్త ప్రాసెసర్, దానికి ఒక టవర్ కూలర్ కూడా తెప్పించుకున్నాను.

నిన్న రాత్రి నాలుగు స్క్రూలూ విప్పాను. కూలర్ మాత్రం బంకతో అతికించినట్టు ఉండిపోయింది. రెండు చేతులా పట్టుకుని కాస్త పైకి లాగేసరికి మదర్‌బోర్డు మధ్యలో ఉబ్బెత్తుగా లేవడం కనిపించి, భయపడి వదిలేశాను. ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పట్టును వదిలించే లివర్ ఎత్తుదామంటే అది కూలర్ కిందే ఉంది, వేలు దూరడం లేదు. ప్రాసెసర్‌కు గానీ బోర్డుకు గానీ నష్టం జరగకుండా దీన్ని ఎలా తీయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం 1

మీరు లాగడం ఆపేయడం చాలా మంచిదైంది. మీ బోర్డులో ఉన్నది ఏఎం4 రకం సాకెట్, ఇందులో 1331 పిన్నులు ప్రాసెసర్ అడుగునే ఉంటాయి. లివర్ దించినప్పుడు సాకెట్ ఆ పిన్నులను పక్కనుంచి ఒత్తి పట్టుకుంటుందే తప్ప, ప్రాసెసర్‌ను పైనుంచి అదిమి ఉంచే లోహపు చట్రమేదీ అక్కడ లేదు. 2004లో వచ్చిన ఎల్‌జీఏ 775 నుంచి ఇంటెల్ డెస్క్‌టాప్ సాకెట్లకు అటువంటి చట్రం ఉంది. రైజెన్ తయారుచేసే ఏఎండీ కూడా 2022లో ఏఎం5తో పిన్నులను సాకెట్‌లోకి మార్చి చట్రం పెట్టింది. మీ దానికి ఆ రక్షణ లేదు కనుక, గట్టిపడిన పేస్ట్ పట్టు సాకెట్ పట్టును మించితే కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడి చేతిలోకి వచ్చేస్తుంది.

పేస్ట్‌ను మెత్తబరచడమే దీనికి మార్గం. ముందు స్క్రూలను మళ్ళీ బిగించండి. ఒకదాన్ని పూర్తిగా బిగించి తర్వాతిదానికి వెళ్ళకుండా, ఎదురెదురు మూలల్లో రెండేసి చుట్ల చొప్పున తిప్పుతూ పోండి. ఇక్కడ ఒక చిక్కుంది. ఈ కూలర్ స్క్రూలు బోర్డు వెనకనున్న బ్యాక్‌ప్లేట్‌లోకే దిగుతాయి. స్క్రూలన్నీ విప్పాక ఆ ప్లేటుకు ఏ ఆధారమూ ఉండదు కాబట్టి, క్యాబినెట్ వెనక తలుపు తీసి దాన్ని చేత్తో నొక్కి పట్టుకుంటేనే స్క్రూలు మర పడతాయి. ఫ్యాన్ తిరుగుతోందని చూసుకుని, ఏదైనా బరువైన పని పెట్టి పావుగంట నడపండి.

ఆ పావుగంటకు ముందే మరో పని పూర్తి చేయాలి. 5700ఎక్స్‌ను గుర్తించే బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) మీ బోర్డులో ఉందో లేదో తయారీదారు సైటులో చూసి, లేకపోతే పాత ప్రాసెసర్ మీదే అప్‌డేట్ చేయండి. చాలామంది ఇది మరచిపోయి కొత్త ప్రాసెసర్ పెట్టాక తెర నల్లగానే ఉందని కంగారుపడతారు, పాతదాన్ని తిరిగి పెట్టాల్సి వస్తుంది.

తర్వాత కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, ఫ్యాన్ వైరు ఊడదీసి, క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టండి. వేడి ఆరకముందే స్క్రూలు విప్పి, కూలర్‌ను పైకి లాగకుండా సీసా మూత తిప్పినట్టు కుడికీ ఎడమకూ కొద్దికొద్దిగా తిప్పుతూ ఉండండి. మొదట్లో వెంట్రుకవాసి కూడా కదలదు. ఓపిక పడితే ఒకచోట పట్టు వదిలి జారడం చేతికి తెలుస్తుంది, అప్పుడు మాత్రమే ఒక అంచు నుంచి మెల్లగా ఎత్తండి.

సమాధానం 2

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తూ, నాకు జరిగింది చెబుతాను. మూడేళ్ళ క్రితం ఒక దుకాణంలో అడిగితే గట్టిగా లాగేయమన్నారు. లాగేశాను. ప్రాసెసర్ కూలర్‌కు అంటుకుని వచ్చింది, ఒక మూలన మూడు పిన్నులు వంగిపోయాయి.

మీకు కూడా అలాగే జరిగితే ప్రాసెసర్ పాడైపోయిందని అనుకోవద్దు. హెయిర్ డ్రయ్యర్‌తో కూలర్ అడుగును వెచ్చబరచి, ప్రాసెసర్‌ను అంచులు పట్టుకుని పక్కకు జరిపితే వస్తుంది, పిన్నులను మాత్రం వేళ్ళతో తాకకూడదు. దీపం కింద ఏటవాలుగా పెట్టి ఒక కంటితో చూస్తే, నాటిన వరి వరుసల్లో ఒరిగిన మొక్క కనిపించినట్టు వంగిన పిన్ను ఇట్టే బయటపడుతుంది. పుల్ల తీసేసిన పెన్ పెన్సిల్ మొనను దాని మీదికి దించి చాలా నెమ్మదిగా నిలబెట్టాను. మొత్తం ముప్పావుగంట పట్టింది, ప్రాసెసర్ ఈ రోజుకీ పనిచేస్తోంది. ఒకే పిన్నును పదేపదే అటూ ఇటూ వంచితే విరిగిపోతుంది, ఆ జాగ్రత్త ముఖ్యం. తిరిగి పెట్టేముందు లివర్‌ను తప్పక పైకెత్తండి, ఎందుకంటే ప్రాసెసర్ ఊడి వచ్చినా లివర్ దిగిన స్థితిలోనే ఉండిపోతుంది. మూలనున్న బంగారు రంగు త్రికోణాన్ని సాకెట్ మీది గుర్తుతో కలిపి వదిలితే ప్రాసెసర్ తన బరువుకే కూర్చోవాలి. కూర్చోకపోతే నొక్కకుండా, తీసి మళ్ళీ చూడండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. బయోస్ నిజంగానే పాతది, ముందు అదే పూర్తిచేశాను. ఇరవై నిమిషాలు వీడియో రెండరింగ్ పెట్టి, ఆపిన వెంటనే తిప్పడం మొదలుపెట్టాను. ఆరేడుసార్లు ఏమీ కదలలేదు, ఆ తర్వాత చిన్న చప్పుడుతో జారింది. ప్రాసెసర్ సాకెట్‌లోనే భద్రంగా ఉంది. పాత పేస్ట్ అంచుల్లో ఎండిన సున్నంలా పెళుసుగా రాలింది, మధ్యలో మాత్రం జిగురుగానే ఉంది.

కొత్త ప్రాసెసర్ పెట్టేముందు ఒక్క సందేహం. పేస్ట్ ఎంత వేయాలి, కార్డుతో పూసి పరచాలా? టవర్ కూలర్‌కు పాత బ్యాక్‌ప్లేటే సరిపోతుందా?

సమాధానం 1

మధ్యలో బఠాణీ గింజంత చుక్క చాలు, బిగించేటప్పటి ఒత్తిడికి అదే పరచుకుంటుంది. కొందరు కార్డుతో పూస్తారు, అదీ తప్పు కాదు, కానీ సన్నగా పూయడం చేతకాకపోతే మధ్యలో గాలి మిగిలిపోతుంది. పాత కూలర్‌ను కూడా దాచుకోదలిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన, నూగు రాలని గుడ్డతో దాని అడుగు తుడిచి పెట్టుకోండి. ఏఎం4కు వచ్చే టవర్ కూలర్లలో చాలావాటికి బోర్డుతో వచ్చిన బ్యాక్‌ప్లేటే కావాలి, కనుక దాన్ని పారేయకండి. చివరగా, కొత్త కూలర్ అడుగున అంటించి ఉండే పారదర్శక ప్లాస్టిక్ పొరను తీశారో లేదో బిగించేముందు వేలితో తడిమి చూసుకోండి.