గర్భాశయ ముఖద్వార మార్పులకు ఫోలిక్ ఆసిడ్ మాత్రలు: ఆధారం ఎంతవరకు?

సందేహి:
పాప్ స్మియర్‌లో (క్యాన్సర్ ముందు సూచనల కోసం ముఖద్వార కణాలను తీసి చూసే పరీక్షలో) స్వల్ప మార్పులు కనబడిన స్త్రీలలో రక్తంలోని హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉంటుందనీ, ఫోలిక్ ఆసిడ్, బి12, బి6 మాత్రలతో దానిని తగ్గిస్తే ఆ మార్పులు కూడా తగ్గుతాయనీ చాలామంది రాస్తున్నారు. మొదటి మాట నిజమనుకున్నా, దానివల్ల రెండవది నిజమవుతుందా?

నీలిమేఘం:
అవుతుందనే నా అభిప్రాయం. మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం నుండి పుట్టే హోమోసిస్టీన్ తిరిగి మెథియోనిన్‌గా మారాలంటే ఫోలేట్ (ఫోలిక్ ఆసిడ్ దీని మాత్ర రూపం), బి12 రెండూ కావాలి. సిస్టీన్ అనే మరో అమైనో ఆమ్లం వైపు మళ్లాలంటే బి6 కావాలి. హోమోసిస్టీన్ రక్తంలో పేరుకుందంటే వీటిలో ఏదో చాలడం లేదన్నమాట. ఫోలేట్ కొరవడినప్పుడు డీఎన్ఏలో థైమిన్ ఉండవలసిన చోట యురాసిల్ చేరి పోగులు తెగుతాయి. ఎడతెగక విభజన చెందే ముఖద్వారపు పైపొర కణాలకు అది చిన్న దెబ్బ కాదు. గర్భనిరోధక మాత్రలు వాడుతున్న స్త్రీలకు రోజుకు 10 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఇస్తే మార్పులు తగ్గాయని 1982లో పరిశోధకుడు బటర్‌వర్త్ బృందం ప్రకటించింది కూడా.

కణాదుడు:
నీలిమేఘం గారూ, మీరు 1982 దగ్గరే ఆగిపోయారు. అదే బృందం 1992లో ఇంకా ఎక్కువమందికి అదే మోతాదును ఆరు నెలల పాటు ఇచ్చి చూసినప్పుడు, ఆ మాత్రలు వేసుకున్నవారికీ ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవారికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. స్వల్ప మార్పులు చాలావరకు మందు లేకుండానే తగ్గిపోతాయి కనుక, "నాకు నయమైంది" అన్న మాటలను నేను సాక్ష్యంగా తీసుకోను.

హోమోసిస్టీన్ పెరిగిందంటే విటమిన్ల లోటేననడం కూడా తొందరపాటే. మూత్రపిండాలు సరిగా పనిచేయకపోయినా, థైరాయిడ్ మందగించినా, పొగతాగినా అది పెరుగుతుంది. పొగతాగడం ముఖద్వార క్యాన్సర్ ముప్పును కూడా పెంచుతుంది. అటువంటప్పుడు హోమోసిస్టీన్ పెరుగుదల, ముఖద్వార మార్పులు రెండూ ఒకే మనిషిలో కనబడడంలో వింతేముంది?

నీలిమేఘం:
ఆ వాదనలో బలముంది. అయినా 1992లోనే ఆ బృందం మరో అధ్యయనంలో, ఎర్రరక్తకణాలలో ఫోలేట్ తక్కువగా ఉన్న స్త్రీలలో, ముఖద్వార క్యాన్సర్‌కు దారితీయగల వైరస్ రకమైన హెచ్‌పీవీ 16 ప్రభావం మరింత ఎక్కువగా కనబడిందని తెలిపింది. మార్పు మొదలైన తరువాత ఇచ్చిన మాత్ర పనిచేయనంత మాత్రాన, అంతకుముందు లోటు వల్ల హాని జరగలేదని రుజువైనట్లు కాదు.

కణాదుడు:
కాదు, అంగీకరిస్తాను. కానీ దానినిబట్టి లోటును పరీక్షించి సరిదిద్దాలని చెప్పవచ్చునే గాని, లోటు లేనివారు కూడా పెద్ద మోతాదులు మింగాలని చెప్పలేము. పెద్దలకు మాత్రల ద్వారా చేరే ఫోలిక్ ఆసిడ్‌కు రోజువారీ గరిష్ఠ పరిమితి 1000 మైక్రోగ్రాములు. మీరు ఉదహరించిన మోతాదు దానికి పదింతలు. బి12 లోటు ఉన్నవారు అంత తీసుకుంటే రక్తహీనత తగ్గి లోటు మరుగున పడుతుంది, నరాల నష్టం మాత్రం సాగిపోతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి మధుమేహ మందు మెట్‌ఫార్మిన్ వాడేవారు ముందు బి12 పరీక్ష చేయించుకోవడం మంచిది. ఇక ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు అన్నింటికీ మూలం హెచ్‌పీవీయే కనుక, సందేహి గారూ, విటమిన్లు వాడుతున్నామన్న ధీమాతో వైద్యులు చెప్పిన తదుపరి పరీక్షను వాయిదా వేయడానికి వీలులేదు.