సంఘస్థులకు సాయంత్రం థియాలజీ క్లాసులు: అవసరమా, లేనిపోని తలనొప్పా?

గుంటూరు_లూథరన్:
అందరికీ వందనాలు. మంగళ, గురువారాల్లో సాయంత్రం 7 నుంచి 8:30 దాకా మామూలు విశ్వాసులకు థియాలజీ (దైవశాస్త్రం) క్లాసులు పెడదామని మా సంఘ కమిటీలో మాట వచ్చింది. త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న బోధ), క్రీస్తు దైవత్వం, పాత నిబంధన నేపథ్యం, సంఘ చరిత్ర చెబుతారు. కమిటీ రెండుగా చీలింది. "బుధవారం బైబిల్ స్టడీకే జనం రారు, మళ్ళీ ఇదొకటా" అని ఒకాయన, "మనకి విశ్వాసం చాలు, సిద్ధాంతాలు పాస్టర్లు చూసుకుంటారు" అని ఇంకొకాయన. ఎక్కడైనా పెట్టి చూసినవాళ్ళు చెప్పండి.

కాకినాడ_పెద్దాయన:
మేం పెట్టాం, మూసేశాం కూడా. నాలుగు నెలలయ్యేసరికి కొందరు యౌవనస్థులు ఫోన్‌లో గ్రీకు నిఘంటువు ఒకటి పెట్టుకుని, ఆరాధన అవగానే అయ్యగారిని గుమ్మం దగ్గరే ఆపి "మూలభాషలో ఆ అర్థం లేదండీ" అనడం మొదలెట్టారు. అక్షరాలు కూడబలుక్కోవడం కూడా రాదు వాళ్ళకి. ఏడాది తిరక్కుండానే వేరు కూటం పెట్టుకున్నారు. జ్ఞానం ఉప్పొంగజేస్తుందని పౌలు ఊరికే రాశాడా?

ఆటోనగర్_అన్న:
పెద్దాయన గారూ, ఆ వాక్యంలో రెండో సగం కూడా చదవండి, ప్రేమ గురించి. ఆ వాక్యం చెప్పేది ప్రేమ లేని జ్ఞానం గురించి, క్లాసు మానేయమని కాదు.
అసలు సంగతి వేరే ఉంది. మన జనం థియాలజీ ఇప్పటికే నేర్చుకుంటున్నారు, యూట్యూబ్‌లో, రోజూ. మా కూటంలో ఒక సిస్టర్ "యేసు ఓన్లీ" (త్రిత్వం లేదు, యేసు ఒక్కడే దేవుడనే బోధ) ప్రసంగాలు వినీ వినీ ఒక రోజు అడిగింది: "తండ్రీ కుమారుడూ ఇద్దరూ కాదు, ఒక్కరేనంటున్నారు కదా, మరి సిలువకి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ఎవరికి ప్రార్థన చేసినట్టు?" చూడండి, ఎంత మంచి ప్రశ్నో! తనకి తానే సగం జవాబు దగ్గరికి వచ్చేసింది. మా పెద్ద ఒకాయన "అలా అడక్కూడదమ్మా, నమ్మాలి" అన్నాడు. ఆమె ఇప్పుడు మా సంఘంలో లేదు. జవాబు చెప్పేవాళ్ళు ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్ళింది.
ఇంకొకటి, మీరు లూథరన్లు కాబట్టి అంటున్నా. మీ సంఘానికి ఆ పేరిచ్చిన మార్టిన్ లూథర్ 1528లో జర్మనీలో సాక్సనీ సంఘాలు చూడ్డానికి వెళ్ళి, పల్లెల్లో జనానికి విశ్వాస ప్రమాణం (మనం ఏం నమ్ముతామో చెప్పే మాటలు) కూడా రాదని తల పట్టుకున్నాడు. మరుసటి ఏడు చిన్న కాటకిజం, అంటే ప్రశ్నా జవాబుల పాఠపుస్తకం, రాశాడు. ఇంటి పెద్ద ఇంట్లోవాళ్ళకి నేర్పాలనే రాశాడు. మనం దాన్ని కన్ఫర్మేషన్‌కి (పిల్లలు తమ విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకునే ఆచారానికి) బట్టీ పెట్టించి, అక్కడితో పుస్తకం మూసేస్తున్నాం.

డోర్నకల్_మనవడు:
మా వైపు చరిత్ర కొంచెం చెప్తా. అజరయ్య గారు 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు, చదువు రానివాళ్ళు. పగలు పొలంలో పని, రాత్రి ఉపదేశి (ఊళ్ళో సంఘానికి పాఠం చెప్పేవాడు) దగ్గర పాఠం. పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం నోటితో నేర్చుకున్నారు, కీర్తనలుగా పాడుకున్నారు. ఉపదేశులకి ట్రైనింగ్ ఇచ్చినప్పుడు వాళ్ళ భార్యలకీ ఇచ్చారు, ఊళ్ళో ఆడవాళ్ళకి నేర్పేది వాళ్ళే కాబట్టి. ఇప్పుడు డిగ్రీ చదివిన పిల్లలున్న సంఘాల్లో "మామూలు జనానికెందుకు" అంటే నాకు నవ్వొస్తుంది. కోపం కూడా.

నెల్లూరు_అక్క:
అన్నలూ, భార్యలకీ నేర్పారన్న మాట బాగుంది. మరి 7 గంటలన్నది ఎవరు పెట్టారండీ? ఆ టైముకి నేను స్టవ్ దగ్గర ఉంటా. ఒకవైపు పిల్లాడి హోంవర్క్, ఇంకోవైపు అత్తయ్య గారి షుగర్ మాత్ర. మా సంఘంలో ఇలాంటి క్లాసుకి వచ్చినవాళ్ళంతా మగవాళ్ళే. అందులో సగం మంది రిటైరైనవాళ్ళు. ఆదివారం ఆరాధన మీద ఇంకో గంట ఉండమంటే ఉంటాం. మధ్యాహ్నం స్త్రీల సమాజం రోజైనా సరే.

పరిచారకుడు_హైదరాబాద్:
నేను సెమినరీలో (పాస్టర్లకి చదువు చెప్పే కాలేజీలో) చదివి వచ్చినవాణ్ణే. క్లాసు పాడయ్యేది ఎక్కువగా లెక్చర్ వల్ల. గంటన్నర ఒకాయన మాట్లాడతాడు, మిగతావాళ్ళు నోట్సు రాసుకుంటారు, ఇంటికెళ్ళాక తెరవరు. 1963లో గ్వాటెమాలాలో ప్రెస్బిటేరియన్ సెమినరీవాళ్ళు దీన్ని తిరగేశారు. పల్లె నుంచి పట్నం సెమినరీకి వచ్చినవాళ్ళు మళ్ళీ పల్లెకి పోవడం లేదని, చదువునే వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళారు. పాఠం ఇంటి దగ్గరే చదువుకోవాలి, వారానికోసారి కలిసి మాట్లాడుకోవాలి. ట్యూటర్ ప్రశ్నలు మాత్రమే వేస్తాడు. మన దేశంలో బెంగళూరు నుంచి టాఫ్టీ (TAFTEE) అనే సంస్థ 1971 నుంచి ఇదే పద్ధతిలో నడుపుతోంది. అక్కకి టైము ఇబ్బంది కూడా సగం తగ్గుతుంది, వారంలో ఒక్క గంట చాలు కాబట్టి.
పెద్దాయన గారూ, గుమ్మం దగ్గర అడిగిన పిల్లల్ని లోపల కూర్చోబెట్టి జవాబిచ్చి ఉంటే? మా పాస్టర్లలో చాలామందికి అదే టెన్షన్. తెలియని ప్రశ్న వస్తే పరువు పోతుందని.

కాకినాడ_పెద్దాయన:
పరువు సంగతి సరే. నా అసలు భయం సర్టిఫికెట్. ఆరు నెలల కోర్సు అయ్యీ అవగానే పేరు ముందు "రెవరెండ్" తగిలించి ఫ్లెక్సీ వేయించుకునేవాళ్ళని మీరు చూళ్ళేదా? బోధకులకి కఠినమైన తీర్పు ఉంటుందని యాకోబు రాసింది వాళ్ళు క్లాసులో చదివే ఉంటారు. సర్టిఫికెట్ ఇవ్వనని రాసిపెట్టండి, అప్పుడు ఆలోచిద్దాం.

ఆటోనగర్_అన్న:
సర్టిఫికెట్ వద్దు, ఒప్పుకున్నా. పరీక్ష మాత్రం ఉండాలి, లేకపోతే మనవాళ్ళు పుస్తకం తెరవరు.

నెల్లూరు_అక్క:
పరీక్ష అంటే మా సమాజంలో సగం మంది మొదటి రోజే మానేస్తారు. చదవలేనివాళ్ళు కూడా ఉన్నారన్నా.

గుంటూరు_లూథరన్:
అందరికీ థ్యాంక్సండీ. వారానికి ఒక్క రోజు, ఆదివారం ఆరాధన అయ్యాక, సర్టిఫికెట్ లేకుండా అని రాసి కమిటీలో పెడుతున్నా. పరీక్ష గురించి ఏమీ రాయలేదు. డోర్నకల్ అన్నా, కీర్తనలతో పాఠం చెప్పే పద్ధతి తెలిసిన పెద్దలెవరైనా మీ వైపు ఇంకా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి.