షుగర్ ఉన్నవాళ్లకి సాయంత్రం చిరుతిండి: బియ్యప్పిండి, బెల్లం లేకుండా గింజలు, కూరగాయలతో

విజయనగరం కోడలు అడిగిన ప్రశ్న

మా మామగారికి టైప్ 2 షుగర్. మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ వేసుకుంటున్నారు. పిండిపదార్థాలు తగ్గించమని డాక్టరుగారు చెప్పారు. అన్నం తగ్గింది, ఇబ్బందంతా సాయంత్రం టీ దగ్గరే. జంతికలు, చేగోడీలు మానిపించి చోడిపిండి (రాగిపిండి) బిస్కట్లు, శెనగపిండి పకోడీ పెడుతున్నాం. తీపికి ఒక నువ్వుల చిమ్మిలి ఉండ. అయినా రాత్రి రీడింగ్ దిగట్లేదు.

కరకరలాడేది ఒకటి, మెత్తనిది ఒకటి, తియ్యనిది ఒకటి చెప్పండి. ఒవెన్ లేదు. గ్యాస్ పొయ్యి, ఇనప పెనం, మిక్సీ ఉన్నాయి. గుడ్డు తినరు, పళ్లు కాస్త వదులు. అవిసె గింజలతో చెక్కలు చేస్తే మధ్యలో బంకలా సాగుతున్నాయి, అదెందుకో కూడా చెప్పండి.

ఆమదాలవలస వంటిల్లు

అమ్మా, ముందు పిండి సంగతి చూడండి. వంద గ్రాముల చోడిపిండిలో 70 గ్రాముల దాకా పిండిపదార్థమే ఉంటుంది. బియ్యప్పిండిలో 80. శెనగపిండి కాస్త నయం, 58. అందులో షుగర్ పెంచని పీచు తీసేసినా 47 మిగులుతుంది. చోళ్లు మంచి ధాన్యమే, కాల్షియం బాగా ఉంటుంది. కానీ షుగర్ ఉన్నవాళ్లు ఎంతైనా తినొచ్చు అనే మాట మాత్రం నిజం కాదు. చిమ్మిలిలో కూడా తప్పు నువ్వులది కాదు, బెల్లానిది. దాని బదులు తాటిబెల్లం వేసినా, ఖర్జూరం వేసినా తేడా పెద్దగా ఉండదు.

గింజల్లో పీచు పోగా వందకి మిగిలేది ఇంత: అవిసెలు 2 గ్రాములు, గుమ్మడి పప్పు 5, చియా 8, నువ్వులూ పొద్దుతిరుగుడు పప్పూ 11 లేదా 12. మన పలాస జీడిపప్పులో 27 ఉంటుంది. అందుకని దాన్ని ఈ జాబితాలో కలపకండి. పైన నాలుగు పలుకులు వేస్తే ఫరవాలేదు, గుప్పెడు వద్దు.

చెక్కలకి ఇదీ కొలత. అవిసెలు 100 గ్రాములు మెత్తగా పొడి కొట్టండి. గింజ గింజగా వదిలేస్తే పళ్లలో ఇరుక్కుంటాయి, పైగా అరక్కుండానే బయటికి పోతాయి. నువ్వులు 50 గ్రాములు, గుమ్మడి పప్పు 50 గ్రాములు బరకగా ఆడించాలి. లేత ఆనపకాయ (సొరకాయ) తురుము 150 గ్రాములు. ఉప్పు ముప్పావు చెంచా, వాము, జీలకర్ర, నూరిన పచ్చిమిర్చి.

తురుముని గట్టిగా పిండండి, వచ్చిన నీళ్లు పారబోయకండి. అవిసె పొడిని ఆ నీళ్లతోనే తడపాలి, చాలకపోతే రెండు మూడు చెంచాల మంచినీళ్లు. అన్నీ కలిపి 20 నిమిషాలు వదిలేస్తే అవిసెల జిగురు ఊరి ముద్ద తనంతట తనే కట్టుకుంటుంది. శెనగపిండి చేసే పని ఆ జిగురే చేస్తుంది.

మీ చెక్కలు సాగడానికి కారణం రెండిట్లో ఒకటి: మందం లేదా మంట. అవిసెల జిగురు నీటిని గట్టిగా పట్టి ఉంచుతుంది. పెద్ద మంట మీద పైభాగం ఎర్రబడి మూసుకుపోతుంది, లోపలి తడి బయటికి రాదు. ఉసిరికాయంత ఉండ తీసుకుని, నూనె రాసిన రెండు కవర్ల మధ్య 2 మిల్లీమీటర్ల మందానికి ఒత్తండి. పెనం మీద అతి సన్నని సెగ, మూత పెట్టొద్దు. అంచులు వాటంతట అవే లేచేదాకా, ఆరేడు నిమిషాలు, కదపకండి. అప్పుడు తిప్పి ఇంకో ఆరు నిమిషాలు. మొత్తం అయ్యాక పొయ్యి కట్టేసి, వేడి పెనం మీదే మళ్లీ అన్నిటినీ పరిచి వదిలేయాలి. అసలు కరకర ఈ చివరి ఆరబెట్టడంలోనే వస్తుంది. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. వేడిగా మూత పెడితే ఆవిరికి గంటలోనే మెత్తబడతాయి, మన తీరం గాలిలో తేమ సరేసరి.

సుమారు 20 చెక్కలు వస్తాయి. ఒక్కోదాంట్లో పీచు పోగా పిండిపదార్థం గ్రాము లోపే. కానీ కేలరీలు 55 దాకా ఉంటాయి, రోజుకి నాలుగు చాలు. మామగారి పళ్లకి గట్టిగా అనిపిస్తే ఆ చివరి ఆరబెట్టడం మానేయండి, మెత్తని రొట్టెలా ఉంటాయి. అలాంటివి మాత్రం ఆ రోజే తినేయాలి.

ఆనపకాయ కోయగానే చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడండి. చేదుంటే ఉమ్మేసి కాయ మొత్తం పారేయాలి. ఆ చేదు ఉడికించినా పోదు, వాంతులు, రక్త విరేచనాల దాకా తీసుకెళ్తుంది.

బొబ్బిలి రుచులు

మెత్తనిదానికి క్యాబేజీ వడలు చేయండి. పావుకిలో క్యాబేజీ జుట్టులా సన్నగా తరిగి, అరచెంచా ఉప్పు కలిపి పావుగంట ఉంచి, గుడ్డలో వేసి పిండండి. రెండు పెద్ద చెంచాల అవిసె పొడి, నాలుగు పెద్ద చెంచాల నువ్వులు–గుమ్మడి పప్పు బరక పొడి, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, చిన్న ఉల్లిపాయ. ఉప్పు మళ్లీ వేయొద్దు, ముందు వేసినదాంట్లో కొంత మిగిలే ఉంటుంది. పది నిమిషాలు ఆగి, అరచేతిలో తట్టి, రెండు చెంచాల నూనెతో పెనం మీద కాల్చండి. తిప్పేటప్పుడు విరుగుతున్నాయంటే నీళ్లు సరిగా పిండలేదన్నమాట, లేదా అడుగు కాలకముందే అట్లకాడ పెట్టారన్నమాట. విరిగే పిండిలో శెనగపిండి పోయకండి, ఇంకో చెంచా అవిసె పొడి వేసి ఐదు నిమిషాలు ఆగండి.

చిమ్మిలికి బెల్లం లేకపోయినా ఉండ కడుతుంది, నువ్వుల నూనే పట్టుకుంటుంది. తెల్ల నువ్వులు 100 గ్రాములు చిన్న సెగ మీద చిటపటలాడి కమ్మని వాసన వచ్చేదాకా వేయించండి. రంగు ముదిరితే చేదెక్కుతాయి, ఆ చేదుని ఏ తీపీ కప్పలేదు. 50 గ్రాముల ఎండుకొబ్బరి, 30 గ్రాముల ఎరిత్రిటాల్ (పంచదార బదులు వాడే, షుగర్ పెంచని తీపి) పొడి, ఏలకులు, చిటికెడు ఉప్పు. నువ్వులు గోరువెచ్చగా ఉన్నప్పుడే మిక్సీ ఆపి ఆపి తిప్పాలి. చిటికెలో నొక్కితే వేళ్లకి నూనె అంటి ముద్ద నిలబడాలి, అదీ గుర్తు. నిలబడకపోతే ఇంకో రెండు తిప్పులు. అతిగా తిప్పితే పేస్టు అయిపోతుంది, అప్పుడు కొబ్బరి పొడి కలిపి సర్దుకోవచ్చు. పన్నెండు ఉండలు కట్టి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఒక్కోదాంట్లో పీచు పోగా పిండిపదార్థం ఒకటిన్నర గ్రాములు దాటదు.

హల్వా కావాలంటే క్యారెట్, బీట్‌రూట్ వద్దు. నీరు ఇగిరేకొద్దీ వాటి తీపంతా ఒకచోట చేరుతుంది. బూడిద గుమ్మడికాయ తీసుకోండి. చెక్కు, గింజలు పోగా కిలో తురిమి పిండితే పావుకిలో దాకా మిగులుతుంది. రెండు పెద్ద చెంచాల నెయ్యిలో పచ్చివాసన పోయేదాకా వేయించండి, పది పన్నెండు నిమిషాలు పడుతుంది. రెండు గంటలు నానబెట్టిన పుచ్చపప్పు 50 గ్రాములు అరకప్పు చిక్కటి కొబ్బరిపాలతో రుబ్బి పోసి, అడుగంటకుండా కలుపుతూ దగ్గరపడనివ్వండి. మామూలు హల్వాకి చిక్కదనం పంచదార పాకం ఇస్తుంది. ఇక్కడ పాకం లేదు కాబట్టి పుచ్చపప్పు తగ్గిస్తే పులుసులా జారిపోతుంది. దించాక తీపి, ఏలకుల పొడి కలపండి. ఆరుగురికి సరిపోతుంది. పంచదార నిల్వగుణం ఇందులో ఉండదు, ఫ్రిజ్‌లో పెట్టినా రెండు రోజులే.

విజయనగరం కోడలు

ఆమదాలవలస అండి, బొబ్బిలి అండి, చాలా థాంక్స్. ఎరిత్రిటాల్ వేసిన స్వీట్ చల్లారాక ఇసకలా తగులుతుందని విన్నాను. స్టీవియా (తీపి ఆకు సారం) ఒక్కటే వేస్తే సరిపోదా? అవిసె పొడి ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది?

బొబ్బిలి రుచులు

తగులుతుంది. వేడిలో కరిగి, చల్లారగానే మళ్లీ పలుకు కడుతుంది. మిక్సీలో పిండిలా చేసి, హల్వాకి 40 గ్రాములు మించకుండా వేయండి, తక్కువైన తీపికి స్టీవియా రెండు చుక్కలు. స్టీవియా ఒక్కటే వేస్తే తీపి చాలేలోపే నాలిక చివర చేదు మొదలవుతుంది. స్టీవియా పొడి ప్యాకెట్ కొంటే వెనక చదవండి. మాల్టోడెక్స్ట్రిన్, డెక్స్ట్రోజ్ అని ఉంటే అవి షుగర్ పెంచేవే. అవిసె పొడి వారానికి సరిపడా మాత్రమే కొట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. పాత నూనె వాసన వచ్చిందంటే పారేయడమే.

సోంపేట ల్యాబ్

వంటల మాట వాళ్లు చెప్పారు, నేను మందుల మాట చెప్తాను. గ్లిమెపిరైడ్ తిండితో సంబంధం లేకుండా ఇన్సులిన్‌ని బయటికి తోస్తుంది. ఆ మాత్ర అలాగే ఉంచి సాయంత్రం పిండిపదార్థం ఒక్కసారిగా తీసేస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే గ్లూకోమీటర్‌లో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. అప్పుడు ఎరిత్రిటాల్, స్టీవియా పనికిరావు. తిండి మార్చే ముందే డాక్టరుగారికి చెబితే మాత్ర మోతాదు ఆయన చూసుకుంటారు.

రెండోది కిడ్నీ. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం వైపు కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు నుంచి చదివేవాళ్లు ఇది తప్పకుండా చూడాలి. గింజలన్నిట్లో భాస్వరం, పొటాషియం ఎక్కువ. వంద గ్రాముల గుమ్మడి పప్పులో భాస్వరమే 1,200 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగినవాళ్లు, డయాలసిస్‌లో ఉన్నవాళ్లు ఈ చెక్కలు, చిమ్మిలి కిడ్నీ డాక్టరుని అడగకుండా మొదలుపెట్టకూడదు. మీ మామగారికీ ఈ మధ్య క్రియాటినిన్ చూడకపోతే ఒకసారి చూపించండి, షుగర్ ఉన్నవాళ్లకి ఏడాదికోసారి ఎలాగూ చేయించాల్సిందే.

ఇంకొకటి, అవిసెలు తిన్న పూట నీళ్లు బాగా తాగాలి, లేకపోతే ఆ పీచే మలబద్ధకం తెస్తుంది. మందులు అవిసెలతో కలిపి వేసుకోకుండా గంట ఎడం ఉంచండి.

ఏది పడుతుందో తేల్చుకోవడానికి తినే ముందొకసారి, తిన్న రెండు గంటలకొకసారి రీడింగ్ తీసి రాసిపెట్టండి. ఒక రోజు చెక్కలు, ఇంకో రోజు వడలు, మరో రోజు హల్వా. అన్నీ ఒకే సాయంత్రం పెడితే ఏది ఎంత పెంచిందో తెలీదు.