డెట్రాయిట్ ల్యాండ్ బ్యాంక్ ఇల్లు: కొనేముందు ఏం చూడాలి?

ప్రశ్న: అమెరికాలోని డెట్రాయిట్‌లో ఖాళీ ఇళ్లను అమ్మే ప్రభుత్వ సంస్థ ల్యాండ్ బ్యాంక్ వేలంలో వెయ్యి డాలర్ల నుంచి పాడుబడ్డ ఇళ్లున్నాయి. మరమ్మతు ఖర్చు ఎక్కడ చేయి దాటుతుంది?

జవాబు 1: బేస్‌మెంట్‌లోకి దిగండి. రాగి పైపులు, వైర్లు, ఫర్నేస్ (ఇంటిని వేడిచేసే యంత్రం) లాంటివి దొంగలు పీకేసి ఉంటారు. అన్నీ కొత్తవే లెక్కేసుకోండి. పైపులు మిగిలినా నమ్మొద్దు. హీటింగ్ లేని ఇంట్లో నీళ్లు గడ్డకట్టి, ఉబ్బి, పైపుల్ని చీల్చేస్తాయి. నీళ్లు వదిలే ముందు గాలితో ప్రెషర్ టెస్ట్ చేయించాలి.

జవాబు 2: అంతకంటే ముందు కప్పు చూడాలండీ! చిన్న చిల్లు చాలు, కొన్నేళ్లలో దూలాల దాకా కుళ్లిపోతుంది. ఇటుక గోడకు మెట్లలా పగుళ్లుంటే పునాది కుంగిందేమో ఇంజనీరుకు చూపించండి. మురుగు లైన్లో కెమెరా దింపించండి, చెట్ల వేళ్లు దూరి ఉంటాయి.

జవాబు 3: 1978కి ముందు కట్టినదైతే విషపూరితమైన సీసం కలిసిన పెయింట్ ఉందనే అనుకోండి. పొడిగా గీకొద్దు, తడిపి గీకండి. పిల్లలుంటే ఇది మరీ ముఖ్యం.