పబ్ లైసెన్స్ హియరింగ్‌లో ఏ కండిషన్ అడగాలి? (ఇంగ్లండ్)

మా ఇంటి వెనకున్న పబ్ వాళ్ళు శుక్ర, శనివారాలు మందు, డీజే రాత్రి 11 నుంచి 1 దాకా పొడిగించమని కౌన్సిల్‌లో అప్లికేషన్ పెట్టారు. 28 రోజుల గడువులోపే అభ్యంతరం మెయిల్ చేశా. ఇంటి రేటు పడిపోతుందంటే లెక్కలోకి రాదంట, 2003 లైసెన్సింగ్ చట్టంలోని నాలుగు అంశాల మీదే మాట్లాడాలంట, అందుకే పబ్లిక్ న్యూసెన్స్ ఒక్కటే పట్టుకున్నా. మేనేజర్‌తో రెండుసార్లు మాట్లాడినా ఏం మారలేదు. ఆరు వారాలుగా బేస్ సౌండ్ ఏ రోజు ఎన్నింటి దాకా వచ్చిందో డైరీలో రాస్తున్నా, కిటికీలు మూసినా పాప ఉలిక్కిపడి లేస్తోంది పాపం.

వచ్చే గురువారమే హియరింగ్. పూర్తిగా ఆపించడం కష్టమేమో అనిపించి కండిషన్లయినా అడుగుదామనుకుంటున్నా, సౌండ్ లిమిటర్ (మ్యూజిక్ శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే పరికరం) పెట్టడం, 11 తర్వాత తలుపులు కిటికీలు మూసెయ్యడం, పబ్ గార్డెన్ రాత్రి 10కే ఖాళీ చేయించడం.

ఇలాంటి హియరింగ్‌లో మాట్లాడినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఈ మూడింట్లో కౌన్సిలర్లు ఒప్పుకునేది ఏది?