షార్లెట్ స్కూళ్ళ బస్సింగ్ రోజులు చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్తే, మేం నార్త్ కరోలినాలో షార్లెట్‌లో ఉంటాం, మా అమ్మాయికి హైస్కూల్లో హిస్టరీ ప్రాజెక్ట్ ఇచ్చారు, ఈ ఊరి స్కూళ్ళలో నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ కలిపి కూర్చోబెట్టడం ఎలా జరిగిందీ అని. బస్సింగ్ అంటే అలా కలపడానికి పిల్లల్ని బస్సుల్లో దూరపు స్కూళ్ళకి పంపడం. 1957లో డొరొతీ కౌంట్స్ అనే నల్లమ్మాయి తెల్లపిల్లల హార్డింగ్ హైస్కూల్‌కి వెళ్తే గుంపు వెంటపడి గోల చేసిన ఫోటోలు, 1971లో ఇక్కడి స్కూళ్ళ మీద వేసిన స్వాన్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఒకే మాటగా బస్సింగ్‌కి ఓకే చెప్పడం, ఇవన్నీ దొరికాయి. ఆ కేసు వాదించిన లాయర్ జూలియస్ ఛాంబర్స్ ఇంటి మీద 1965లోనే బాంబు వేశారంట, చదువుతుంటే ఒళ్ళు మండింది.

నాకు అర్థం కానిది తర్వాత కథ. 1999లో ఇక్కడి ఫెడరల్ కోర్టు బస్సింగ్ ఇక చాలు అనేసింది (ఆ తీర్పిచ్చిన జడ్జి పాటర్ జడ్జి కాకముందు బస్సింగ్‌కి వ్యతిరేకంగా తిరిగినాయనే, అదేం న్యాయమో), 2002 నుంచి ఎక్కువమంది ఇంటి దగ్గర స్కూలుకే, ఇళ్ళేమో ఏ రంగువాళ్ళవి ఆ పక్కే కదా, మళ్ళీ విడిపోయారు. 80ల్లో, 90ల్లో ఇక్కడ చదువుకున్న మనవాళ్ళుంటే చెప్పండి ప్లీజ్, మనపిల్లల్ని ఏ లెక్కలో వేసేవాళ్ళు, బస్సులో ఎంతసేపు పట్టేది? ఏ ఏరియా పిల్లలు ఏ స్కూలుకో చూపించే అప్పటి అసైన్‌మెంట్ మ్యాపులు ఏ లైబ్రరీలో అడగాలి?